ఎంత మోస్తుందన్నది సగం ప్రశ్నే

పునాది ఇంజినీర్లలో ఒక పోటీ నడుస్తూ ఉంటుంది. ఎక్కడో ఒకచోట నేలలోకి ఒక పైల్ దించుతారు. ఆ చోటి మట్టి గురించి తెలిసిందంతా, అంటే బోరు నివేదిక, పొరల మందం, కోను గుచ్చి కొలిచిన నిరోధం, ప్రయోగశాలలో తేలిన బలం, అన్నీ దేశదేశాల నిపుణులకు పంపుతారు. ఈ పైల్ మీద బరువు పెంచుకుంటూ పోతే ఎంతవరకు నిలుస్తుంది, ఏ బరువుకు ఎంత కుంగుతుంది, లెక్కగట్టి రాసి పంపమంటారు. జవాబులన్నీ చేరాక నిజంగానే బరువు పెట్టి చూస్తారు. అమెరికాలోని ఎవాన్‌స్టన్‌లో, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం ఆవరణలో 1989లో జరిగిన పోటీ వీటిలో పేరు పొందింది. అక్కడ పైన ఇసుక, దాని కింద మెత్తటి బంకమట్టి. ఆ తర్వాత పోర్చుగల్‌లో, బ్రెజిల్‌లో, బొలీవియాలో కూడా ఇలాంటివి జరిగాయి.

దేశం మారినా, నేల మారినా ఫలితం తీరు మాత్రం మారదు. చేతిలో ఉన్న సమాచారం అందరికీ ఒకటే. చదివిన శాస్త్రమూ ఒకటే. జవాబులు మాత్రం అసలు విలువలో సగం నుంచి రెట్టింపు దాకా చెదిరిపోవడం మామూలు. పోటీకి వచ్చేవాళ్ళు నిన్నగాక మొన్న పట్టా పుచ్చుకున్నవాళ్ళేం కారు. పాఠ్యపుస్తకాలు రాసినవాళ్ళూ ఉంటారు. ఇదే జనాన్ని ఒక ఉక్కు దూలం ఎంత వంగుతుందని అడిగితే ఇంచుమించు ఒకే మాట చెబుతారు.

భూసాంకేతిక శాస్త్రంలో రాంకిన్ ఉపన్యాసం ఇమ్మని పిలుపు రావడం పెద్ద గౌరవం. 2003లో ఆ ఉపన్యాసం ఇచ్చిన మార్క్ రాండాల్ఫ్, చాలా రకాల నేలల్లో పైల్ సామర్థ్యాన్ని అటూ ఇటూ 30 శాతం కన్నా దగ్గరగా మనం ఎప్పటికీ అంచనా వేయలేకపోవచ్చని సభాముఖంగా అన్నారు. తన రంగం చేతకానితనానికి ఒక కొలత పెట్టి మరీ చెప్పిన ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది. ఆ 30 శాతం ఎక్కడ పుడుతుందో చూద్దాం.

పైల్ అంటే నేలలోకి నిలువునా దిగిన కాంక్రీటు లేదా ఉక్కు స్తంభం. పై పొరలు భవనం బరువు మోయలేనంత మెత్తగా ఉన్నప్పుడు ఆ బరువును లోతుకు చేరవేయడం దీని పని. దించడానికి ముఖ్యంగా రెండు దారులు. ముందే తయారుచేసిన పైల్‌ను సుత్తితో కొట్టి దించడం ఒకటి. రిగ్‌తో గొయ్యి తవ్వి, గోడలు కూలకుండా బెంటొనైట్ నీళ్ళు నింపి, ఇనుప చట్రం దించి, ట్రెమీ గొట్టంతో అడుగు నుంచి పైకి కాంక్రీటు పోయడం రెండోది. మన ఊళ్ళలో ఫ్లైఓవర్ పనుల దగ్గర రోడ్డంతా బూడిదరంగు బురద చేసేది ఈ రెండోదే.

పైన పడ్డ బరువును పైల్ రెండు రకాలుగా నేలకు అప్పగిస్తుంది. తన ఒళ్ళంతా చుట్టూ ఉన్న మట్టిని ఒరుసుకుంటుంది కాబట్టి ఆ ఒరిపిడి కొంత మోస్తుంది. అడుగున ఆనుకున్న మట్టి ఇచ్చే దన్ను కొంత మోస్తుంది. ఒక లెక్క వేసుకుంటే విషయం తేటపడుతుంది. 600 మిల్లీమీటర్ల వ్యాసం, 18 మీటర్ల పొడవు ఉన్న పైల్‌ను బంకమట్టిలో తవ్వి పోశామనుకుందాం. దాని ఒంటి వైశాల్యం సుమారు 34 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు సగటున 4 టన్నుల ఒరిపిడి దొరికితే మొత్తం 136 టన్నులు. అడుగు వైశాల్యం 0.28 చదరపు మీటర్లే. అక్కడి గట్టి మట్టి చదరపు మీటరుకు 135 టన్నుల దన్ను ఇచ్చినా వచ్చేది 38 టన్నులు. రెండూ కలిపితే 174. భద్రత కోసం రెండున్నరతో భాగిస్తే దాదాపు 70 టన్నులు. డ్రాయింగ్ మీదకు ఎక్కేది ఈ అంకె ఒక్కటే.

అసలు మెలిక ఆ కూడికలోనే ఉంది. ఒరిపిడి పూర్తిగా అందడానికి పైల్ నాలుగైదు మిల్లీమీటర్లు జారితే చాలు, అంటే వ్యాసంలో ఒక శాతం కూడా అక్కర్లేదు. అడుగు దన్ను పూర్తిగా రావాలంటే మాత్రం వ్యాసంలో పదో వంతు, మన లెక్కలో 60 మిల్లీమీటర్లు, దిగబడాలి. రెండూ ఒకే వేళకు పనిలోకి రావన్నమాట. 70 టన్నుల దగ్గర బరువంతా దాదాపు ఒరిపిడే మోస్తుంది. అడుగుకు చేరేది నామమాత్రం. 140 టన్నుల దరిదాపుల్లో ఒరిపిడి అయిపోతుంది. అక్కడి నుంచి ఒక్కో టన్నుకూ పైల్ గబగబా దిగడం మొదలుపెడుతుంది, అప్పుడు గానీ అడుగు నిజంగా భుజం కాయదు. మనం ముచ్చటగా కూడిన 174 టన్నులు దొరకాలంటే స్తంభం అరవై మిల్లీమీటర్లు కుంగాలి. అంత కుంగుదల ఒక స్తంభం దగ్గర వచ్చి, పక్క స్తంభం దగ్గర రాకపోతే దూలాలు పగులుతాయి, తలుపులు పట్టవు.

అందుకే ఎంత మోస్తుందన్న ప్రశ్నకు, ఎంత కుంగనిస్తావన్న ఎదురు ప్రశ్న వేయకుండా జవాబు లేదు. పైల్ సామర్థ్యం ఒక అంకె కాదు, ఒక వంపు గీత. ఆ గీత మీద ఇదిగో ఇక్కడ విఫలమైంది అని వేలు పెట్టి చూపడం కూడా అంత తేలిక కాదు. స్వీడన్ నుంచి కెనడా వెళ్ళి స్థిరపడిన బెంగ్ట్ ఫెలీనియస్ 1980లో ఒకే పైల్ పరీక్ష గీత తీసుకుని, వాడుకలో ఉన్న తొమ్మిది నిర్వచనాలనూ దానికి వర్తింపజేసి చూపించారు. పైల్ ఒకటే, పరీక్ష ఒకటే, సామర్థ్యాలు వేర్వేరు. పోటీల్లో జవాబులు చెదరడానికి మట్టి కన్నా ముందు ఈ గందరగోళమే కొంత కారణం.

కొలిచిన మట్టి వేరు, మోసే మట్టి వేరు

ఇందాక లెక్కలో చదరపు మీటరుకు 4 టన్నుల ఒరిపిడి అని ధీమాగా రాసుకున్నాం. అది ఎక్కడిది? బోరు వేసి తీసిన మట్టి ముద్దను ప్రయోగశాలలో నొక్కితే దాని బలం చదరపు మీటరుకు 9 టన్నులని తేలింది అనుకుందాం. పైల్ ఒంటికి మాత్రం అందులో సగం కూడా దక్కదు. లండన్ బంకమట్టిలో తవ్విపోసిన పైళ్ళ పరీక్షలన్నిటినీ గుదిగుచ్చి చూసి, 1959లో అలెక్ స్కెంప్టన్ ఈ వాటా సగటున 0.45 అని తేల్చారు. కొన్నిచోట్ల 0.3, కొన్నిచోట్ల 0.6. గొయ్యి తవ్వగానే దాని గోడ మీద అప్పటిదాకా ఉన్న ఒత్తిడి పోయి మట్టి కాస్త వదులవుతుంది. పచ్చి కాంక్రీటులోని నీళ్ళు పీల్చుకుని మరికాస్త మెత్తబడుతుంది. తవ్వాక కాంక్రీటు పోయడం ఎంత ఆలస్యమైతే అంత నష్టం.

అంటే మనం ఎంతో శ్రద్ధగా పరీక్షించిన మట్టి, పైల్‌ను మోసే మట్టి కాదు. పైల్ దించే పనే ఆ మట్టిని మార్చేసింది. ఎవరు తవ్వారు, ఎంతసేపు గొయ్యిని తెరిచి ఉంచారు, అడుగున పేరుకున్న బురదను కడిగారా లేదా అన్నవి బోరు నివేదికలో ఉండవు. డిజైన్ ఆఫీసులో ఒరిపిడి గుణకాన్ని రెండో దశాంశం దాకా సరిచూసుకుంటూ కూర్చుంటాం. సైటులో గొయ్యి అడుగున జానెడు మడ్డి మిగిలిపోతే ఆ పైల్‌కు అడుగు దన్ను అన్నది కాగితం మీద మాటే.

కొట్టి దించే పైల్ కథ దీనికి తలకిందులు. అది మట్టిని తొలగించదు, పక్కకు తోస్తుంది. తడి బంకమట్టిలో అలా తోసినప్పుడు రేణువుల మధ్య చిక్కుకున్న నీటి పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. బరువు రేణువుల మీద కాక నీటి మీద పడుతుంది, నీటికి ఒరిపిడి లేదు. కాబట్టి దించిన రోజున పైల్ వెన్నలో కత్తిలా దిగుతుంది. తర్వాత రోజుల తరబడి ఆ నీరు మెల్లగా పక్కలకు ఇంకిపోతుంది, మట్టి బిగుస్తుంది. హెచ్. బోల్టన్ సీడ్, లైమన్ రీస్ అనే ఇద్దరు 1950ల్లో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతపు మెత్తటి బురదలో ఒక సన్నటి గొట్టం పైల్‌ను దించి, మళ్ళీ మళ్ళీ బరువు పెట్టి చూశారు. నెల రోజుల్లో దాని సామర్థ్యం సుమారు ఐదు రెట్లు పెరిగింది. పైల్ అదే, మట్టి అదే. మరి దాని సామర్థ్యం ఎంత అంటే, ఏ తేదీన అని అడగాలి. కొన్ని గట్టి ఒండ్రు పొరల్లో, మెత్తటి రాతి పొరల్లో ఇందుకు విరుద్ధంగా, దించిన రోజున గట్టిగా నిలిచిన పైల్ వారం తర్వాత బలం కోల్పోయిన సందర్భాలూ ఉన్నాయి.

ఇసుక సంగతి ఇంకో రకం. ఆస్ట్రేలియా వాయవ్య తీరంలో నార్త్ రాంకిన్ ఎ అనే సముద్ర వేదిక కోసం 1982లో పెద్ద ఉక్కు పైళ్ళు దించారు. అక్కడి సముద్రగర్భం గవ్వల, పగడాల పొడితో ఏర్పడిన సున్నపు ఇసుక. మామూలు ఇసుక లెక్కలు వేసుకుని వెళ్ళినవాళ్ళ కళ్ళ ముందే పైళ్ళు దెబ్బ వేయకుండా తమ బరువుకే పదుల మీటర్లు జారిపోయాయి. ఆ రేణువులు పెళుసు. పైల్ రాసుకుంటూ పోయే కొద్దీ నలిగి చిన్నవై, దాని ఒంటి మీద ఒత్తిడి పెట్టడమే మానేశాయి. సరిదిద్దడానికి ఏళ్ళు పట్టింది, భారీగా ఖర్చయింది. సున్నపు ఇసుక గురించి ఇవాళ మనకు తెలిసినదానిలో చాలా భాగం ఆ దెబ్బ తిన్నాకే తెలిసింది. మన బొంబాయి హై చమురు క్షేత్రంలోనూ సున్నపు నేలలున్నాయి.

సుత్తి చెప్పే సాక్ష్యం

మట్టిని నమ్మలేకపోతే పైల్‌నే అడుగుదాం అన్న ఆలోచన పాతది. ఒక్కో దెబ్బకు పైల్ ఎంత దిగుతోందో చూస్తే చాలదా? గోడలో మేకు కొట్టేవాడికి గోడ గట్టిదో కాదో చేతికే తెలుస్తుంది కదా. అమెరికాలో ఇంజినీరింగ్ న్యూస్ పత్రిక సంపాదకుడిగా ఉన్న ఏ.ఎం. వెల్లింగ్టన్ పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఈ ఊహకు సూత్రరూపం ఇచ్చాడు. సుత్తి బరువును అది పడిన ఎత్తుతో గుణిస్తే దెబ్బలోని శక్తి. ఆ శక్తి, నేల నిరోధాన్ని పైల్ దిగిన దూరంతో గుణించినదానికి సమానం. నష్టాల కోసం ఒక చిన్న స్థిరాంకం. చివర్లో ఆరుతో భాగించి, ఇది భద్రత అన్నాడు. ఆ సూత్రం శతాబ్దం పాటు రాజ్యమేలింది. పరీక్షలతో పోల్చి చూస్తే ఆ ఆరు కొన్నిచోట్ల ఒకటికి దగ్గరగా, కొన్నిచోట్ల పదికి పైగా తేలేది. మృత్తికా యాంత్రిక శాస్త్రానికి ఆద్యుడైన కార్ల్ టెర్జాగీకి ఈ సూత్రాలంటే గిట్టేది కాదు.

మేకుకూ పైల్‌కూ ఉన్న తేడా పొడవులో ఉంది. మేకు మొత్తం ఒకేసారి కదులుతుంది. ముప్పై మీటర్ల కాంక్రీటు పైల్ తల మీద దెబ్బ పడితే ఆ తాకిడి తరంగమై సెకనుకు సుమారు 4,000 మీటర్ల వేగంతో కిందికి పరుగు తీస్తుంది. అడుగుకు చేరడానికి ఏడెనిమిది మిల్లీసెకన్లు పడుతుంది, తిరిగి తలకు రావడానికి అంతే. తల కదిలి ఆగే వేళకు అడుగుకు అసలు కబురే అందకపోవచ్చు. దారిలో తగిలిన ప్రతి పొర ఒరిపిడీ ఆ తరంగంలో కొంత భాగాన్ని వెనక్కి తిప్పి పంపుతుంది. ఆస్ట్రేలియాలో డేవిడ్ ఐజాక్స్ 1931లోనే ఈ మాట చెప్పాడు గానీ లెక్క చేతితో తేలేది కాదు. రేమండ్ పైల్ కంపెనీలో పనిచేసిన ఈ.ఏ.ఎల్. స్మిత్ 1950ల్లో పైల్‌ను బరువుల, స్ప్రింగుల వరసగా ముక్కలు చేసి, అప్పుడప్పుడే వస్తున్న కంప్యూటర్‌కు ఆ లెక్క అప్పగించాడు. 1960లో అచ్చయిన ఆయన పత్రం నుంచే నేటి పద్ధతులన్నీ పుట్టాయి.

తర్వాత అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో, కేస్ విద్యాసంస్థలో జార్జ్ గోబుల్ బృందం పైల్ తల దగ్గర రెండు రకాల సెన్సర్లు బిగించింది. ఒకటి కాంక్రీటు ఎంత నొక్కుకుపోయిందో, రెండోది ఎంత వేగంగా కదిలిందో కొలుస్తుంది. తిరిగొచ్చిన తరంగం ఆకారాన్ని చదివి ఏ లోతులో ఎంత నిరోధం ఉందో రాబట్టవచ్చు. ఇవాళ మన సైట్లలో తవ్విపోసిన పైళ్ళ మీద కూడా పెద్ద బరువు జారవిడిచి ఈ పరీక్ష చేస్తున్నారు, గంటల్లో తేలిపోతుంది. కానీ సుత్తి సాక్ష్యం దెబ్బ పడిన ఆ క్షణానికే చెల్లుతుంది. దెబ్బకు పైల్ ఏ కొద్దిగానో కదిలితే, కదిలినమేరకే నిరోధం బయటపడుతుంది. ఇక బంకమట్టి బిగుసుకోవడానికి పట్టే నెల గురించి దానికేమీ తెలియదు.

అన్నిటికన్నా నమ్మదగింది నిలకడ బరువు పరీక్ష. పైల్ తల మీద జాక్, జాక్ పైన ఉక్కు దూలాల వేదిక, వేదిక మీద వందల టన్నుల కాంక్రీటు దిమ్మెలో ఇసుక బస్తాలో. జాక్ పంపు కొట్టేకొద్దీ పైల్ కిందికి నొక్కుకుంటుంది, నాలుగు మూలలా పెట్టిన డయల్ గేజ్‌ల ముళ్ళు కదులుతాయి. మన దేశంలో దీనికి ప్రమాణం ఐ.ఎస్. 2911 నాలుగో భాగం. పని మొదలుకాకముందు, భవనంలోకి రాని ఒక విడి పైల్ మీద చేసేది ప్రారంభ పరీక్ష, రావలసిన బరువుకు రెండున్నర రెట్ల దాకా. పని జరుగుతుండగా, భవనాన్ని మోయబోయే పైళ్ళ మీదే చేసేది రొటీన్ పరీక్ష, ఒకటిన్నర రెట్ల దాకా. రొటీన్ పరీక్ష కనీసం అర శాతం పైళ్ళకు జరగాలి, అవసరాన్నిబట్టి రెండు శాతం దాకా. 600 మిల్లీమీటర్ల దాకా వ్యాసం ఉన్న పైల్‌కు, కుంగుదల 12 మిల్లీమీటర్లకు చేరినప్పటి బరువులో మూడింట రెండు వంతులు, లేదా వ్యాసంలో పదో వంతు కుంగినప్పటి బరువులో సగం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది సురక్షిత బరువు. ఈ నిబంధన రాసినవాళ్ళకు వంపు గీత సంగతి బాగా తెలుసు. తొలి షరతు గీత మొదటి భాగాన్ని కాపలా కాస్తుంది, రెండోది చివరి భాగాన్ని.

వేల టన్నులు మోసే పెద్ద పైళ్ళకు పైన అంత బరువు పేర్చడం కష్టం. షికాగో దగ్గరి నార్త్‌వెస్టర్న్‌లోనే ఆచార్యుడిగా ఉన్న జోర్జ్ ఆస్టర్‌బర్గ్ 1980ల్లో దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టాడు. జాక్‌ను పైల్ తల మీద కాక కాంక్రీటు పోసేటప్పుడే అడుగు దగ్గర పాతేశాడు. పీడనం ఎక్కిస్తే పై భాగం పైకి, అడుగు కిందికి తోసుకుంటాయి. ఒరిపిడి దన్నును పరీక్షిస్తుంది, దన్ను ఒరిపిడిని పరీక్షిస్తుంది, పైన దిమ్మె ఒక్కటీ అక్కర్లేదు. పైగా రెండింటి వాటా విడివిడిగా తెలుస్తుంది.

ఈ కొలతల మీద నిలబడి చేసే నేటి అంచనా పద్ధతి వినడానికి చాలా సాదా. పైల్‌ను ముక్కలుగా ఊహించుకుని ప్రతి ముక్కనూ ఒక స్ప్రింగుతో మట్టికి కట్టినట్టు భావిస్తారు. స్ప్రింగు సాగేకొద్దీ దాని పట్టు పెరిగి, ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. అడుగున ఇంకో స్ప్రింగు, దాని స్వభావం వేరు. పై నుంచి బరువు వేసి, ఏ ముక్క ఎంత జారిందో, కాంక్రీటు తనంతట తాను ఎంత పొట్టిదయిందో తేల్చుకుంటూ కిందికి దిగుతారు. సీడ్, రీస్‌లు బీజం వేసిన ఈ పద్ధతి ఇప్పుడు మామూలు ల్యాప్‌టాప్ మీద క్షణాల్లో నడుస్తుంది. స్ప్రింగు గుణాలు సరిగ్గా ఇస్తే గీత చక్కగా వస్తుంది. ఆ గుణాలు ఎవరిస్తారన్నదే చిక్కు, మళ్ళీ స్కెంప్టన్ 0.45 దగ్గరికే వచ్చి నిలబడతాం.

ఒంటిగా గెలిచి, గుంపుగా ఓడి

శాన్ ఫ్రాన్సిస్కో నడిబొడ్డున మిలీనియం టవర్ 2009లో తెరుచుకుంది. 58 అంతస్తులు, ఖరీదైన ఫ్లాట్లు. కింద సుమారు 950 కాంక్రీటు పైళ్ళు, ఒక్కొక్కటీ 14 అంగుళాల చదరం. అవి పై బురదను దాటి కోల్మా ఇసుక అనే గట్టి పొరలో ఆగాయి. రాతి దాకా వెళ్ళలేదు; రాయి ఇంకా చాలా లోతున, రెండువందల అడుగులకు పైనే ఉంది. ఆ ఊళ్ళో చాలా భవనాలు అలాగే నిలిచాయి కాబట్టి అదేమీ వింత నిర్ణయం కాదు. జీవితకాలంలో నాలుగు నుంచి ఆరు అంగుళాలు కుంగుతుందని అంచనా. 2016లో వార్త బయటపడేనాటికి పదహారు అంగుళాలు కుంగి, వాయవ్య మూలకు ఒరిగి ఉంది.

కోల్మా ఇసుక పైళ్ళను వదిలేయలేదు. ఇబ్బంది ఆ ఇసుక కింద ఉంది. అక్కడ పాత అఖాతపు బంకమట్టి మందపాటి పొరగా పరుచుకుని ఉంది. ఒక్క పైల్‌ను పరీక్షిస్తే దాని కొన నుంచి పుట్టే ఒత్తిడి ఒకటి రెండు మీటర్ల లోతులోనే చల్లారిపోతుంది. అది కోల్మా ఇసుకను తప్ప మరి దేన్నీ తాకదు, పరీక్ష దర్జాగా నెగ్గుతుంది. 950 పైళ్ళు పక్కపక్కన నిలిస్తే మాత్రం నేల వాటిని విడివిడిగా చూడదు. భవనమంత వెడల్పున్న ఒకే దిమ్మె కోల్మా ఇసుక లోతున ఆనుకున్నట్టే లెక్క. దాని ఒత్తిడి భవనం వెడల్పుకు తగ్గట్టు పదుల మీటర్ల లోతుకు పాకుతుంది, ఇసుకను దాటి బంకమట్టిని నొక్కుతుంది. ఆ బంకమట్టి ఏళ్ళ తరబడి నీటిని వదులుతూ పలచబడుతుంది. పైల్ పరీక్ష నడిచేది రోజో రెండ్రోజులో. బంకమట్టి పని చేసేది దశాబ్దాల లెక్కన. ఒక పైల్ గీతను 950తో గుణించి భవనం కుంగుదల రాబట్టడం ఎందుకు కుదరదో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పక్కనే కట్టిన రవాణా కేంద్రం గుంత కోసం భూగర్భజలం తోడేయడమే కారణమని కొందరు వాదించారు, ఆ కేంద్రాన్ని కట్టిన సంస్థ కాదంది. నీరు తోడితే బంకమట్టి మీద బరువు పెరుగుతుందన్నది నిజమే. ఎవరి వాటా ఎంతన్నది కోర్టు తీర్పు దాకా పోలేదు, పక్షాలన్నీ రాజీకి వచ్చాయి. మరమ్మతు కథ దానికదే ఒక పాఠం. భవనం రెండు వైపులా రాతి దాకా కొత్త పైళ్ళు దించి కొంత బరువును వాటి మీదకు మళ్ళించాలనుకున్నారు, మొదట 52 అనుకున్నారు. పని సాగుతుండగానే 2021లో టవర్ మరికాస్త కుంగి ఒరిగింది, పని ఆపారు. పైల్ దించడమే నేలను కదిలిస్తుందన్న సంగతి అక్కడ ఇంకోసారి రుజువైంది. చివరకు పైళ్ళను 18కి తగ్గించి 2023లో పూర్తిచేశారు.

ఇప్పటిదాకా ఒరిపిడిని మిత్రుడిలాగే చూశాం. అది శత్రువయ్యే నేలలూ ఉన్నాయి. చుట్టూ ఉన్న మట్టే పైల్ కన్నా ఎక్కువ కుంగుతుంటే ఒరిపిడి దిశ తిరగబడుతుంది. మట్టి పైల్‌ను మోయడం మాని దానికి వేలాడుతుంది. చిత్తడి మీద గ్రావెల్ పోసి ఎత్తు చేసిన తీరప్రాంతపు స్థలాల్లో ఇది మామూలు. విశాఖ రేవు చుట్టుపక్కల సముద్రపు బంకమట్టి మీద కట్టేవాళ్ళందరికీ ఇది తెలుసు. మెక్సికో నగరం ఇందుకు తిరుగులేని సాక్ష్యం. పాత సరస్సు అడుగున వెలసిన ఆ ఊరు భూగర్భజలాన్ని తోడుకుంటూ మీటర్ల కొద్దీ కుంగింది. పైళ్ళ మీద నిలిచిన స్వాతంత్ర్య స్మారక స్తంభం మాత్రం ఊరితో పాటు దిగలేదు. నేల కిందికి పోతుంటే దాని పీఠానికి 14 మెట్లు కొత్తగా కట్టవలసి వచ్చింది.

గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ నల్లరేగళ్ళలో ఇదే కథ పైకి నడుస్తుంది. వాన పడితే ఆ మట్టి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. సన్నటి పైల్ వేస్తే ఉబ్బే మట్టి దాన్ని ఒరిపిడితోనే పట్టుకుని పైకి లాగుతుంది. బరువైన భవనమైతే తొక్కిపట్టి ఉంచుతుంది. ఒక అంతస్తు ఇంటికి ఆ బరువెక్కడిది? రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇందుకు వాడుకలోకి తెచ్చినదే అండర్ రీమ్డ్ పైల్. ఎండావానల ప్రభావం సుమారు మూడున్నర మీటర్ల లోతు దాకానే ఉంటుంది. అంతకన్నా కింద గొయ్యిని గుబ్బలా వెడల్పు చేస్తారు, సాధారణంగా కాండం వ్యాసానికి రెండున్నర రెట్లు. పై మట్టి ఎంత లాగినా ఆ గుబ్బ కదలని మట్టిలో కొక్కెంలా పట్టుకుంటుంది. పైన ప్లింత్ బీము కింద కొంత ఖాళీ వదిలితే ఉబ్బిన మట్టి బీమును తాకదు. ఆ ఖాళీలో మట్టి నింపేసి, తర్వాత గోడలు పగిలాయని పైల్‌ను తిట్టేవాళ్ళకు మన దగ్గర కొదవ లేదు.

అంచనా ఎప్పుడూ తక్కువ వైపే తప్పుతుందనేం లేదు. దుబాయ్ బుర్జ్ ఖలీఫా కింద మెత్తటి రాతిలో 1.5 మీటర్ల వ్యాసం, సుమారు 47 మీటర్ల పొడవు ఉన్న 194 పైళ్ళున్నాయి, వాటిపైన 3.7 మీటర్ల మందం కాంక్రీటు పలక (రాఫ్ట్). ఒక్కో పైల్ మీద పడే బరువు 3,000 టన్నులు; పరీక్ష పైళ్ళను 6,000 టన్నుల దాకా నొక్కి చూశారు. ఆస్ట్రేలియాకు చెందిన హ్యారీ పౌలోస్ బృందం లెక్కలను విడిగా సరిచూసింది. కుంగుదల డెబ్బై అయిదు మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుందనుకుంటే, నిర్మాణం చాలావరకు పైకెక్కిన 2008 ఫిబ్రవరి నాటికి కొలిచినది నలభై చిల్లర. ఇది కూడా తప్పే, కాకపోతే ఎవరికీ ఫిర్యాదు లేని తప్పు.

ఈమధ్య పైల్ పరీక్షల దత్తాంశాన్ని కంప్యూటర్‌కు తినిపించి యంత్ర అభ్యసనంతో సామర్థ్యం చెప్పించే పత్రాలు కుప్పలుగా వస్తున్నాయి. నాకు వీటి మీద ఒక అనుమానం ఉంది. కంప్యూటర్ నేర్చుకోవలసింది గీత వంగే చోటును. కానీ ప్రపంచంలో జరిగే పరీక్షల్లో అత్యధికం రొటీన్ పరీక్షలు, ఒకటిన్నర రెట్ల దగ్గర ఆగిపోయేవి. అక్కడికి ఒరిపిడిలో దాదాపు ముప్పావు వంతు వాడుకలోకి వచ్చి ఉంటుంది, డయల్ గేజ్ మీద రెండు మూడు మిల్లీమీటర్లు కనిపిస్తాయి, కాంట్రాక్టర్ ఊపిరి పీల్చుకుంటాడు, దిమ్మెలు దించేస్తారు. మన ఉదాహరణలోని పైల్‌కైతే అది 105 టన్నుల దగ్గర. 140 టన్నుల దగ్గర ఏం జరిగేదో ఎవరూ చూడలేదు. అలాంటి వెయ్యి పరీక్షలు పోగేసినా గీత వంపు గురించి అవి చెప్పగలిగేది శూన్యం.

కాబట్టి పెద్ద ప్రాజెక్టు ఏదైనా, పని మొదలవకముందు ఒకటి రెండు విడి పైళ్ళను వేసి, లోపల రెండు మూడు లోతుల్లో సెన్సర్లు పెట్టి, రెండున్నర రెట్ల దగ్గర ఆగకుండా అవి దిగబడేదాకా నొక్కి చూడాలి. ఆ పైళ్ళు భవనానికి పనికిరావు కనుక అది వృథా ఖర్చని మన టెండర్లలో తరచూ కొట్టేస్తారు. 600 మిల్లీమీటర్ల పైల్ విషయంలో అడగవలసింది 60 మిల్లీమీటర్ల కుంగుదల, ఒక పైల్ నష్టం. ఒరిపిడి నాలుగు టన్నులు కాదు, అయిదు అని ఆ పరీక్షలో తేలితే, మూడువందల పైళ్ళున్న పనిలో ఒక్కోటీ మూడున్నర మీటర్ల చొప్పున పొట్టివవుతాయి. మూడు టన్నులే అని తేలితే, ఆ సంగతి స్లాబులు పడకముందే తెలుస్తుంది.